పెద్దాయన కాయితాలు పొయ్యిలోకి పోకముందే: ఒక భాషాశాస్త్రవేత్త జీవితాన్ని, పనిని రికార్డు చేయడం ఎలా

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అని మద్రాసులో కలెక్టరుగా చేసినాయన ఒకాయన ఉన్నాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుటుంబం (ఇవాళ ద్రావిడ కుటుంబం అంటున్నది) అని 1816లోనే మాటల పట్టికలు పెట్టి మరీ చూపించాడు, అదీ సొంత పుస్తకంలో కాదు, క్యాంప్‌బెల్ అనే ఇంకో దొర రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు వేసిన ఒక నోటులో. నలభై ఏళ్లు వచ్చేదాకా చదువుకోవడమే గానీ అచ్చు వేయడం వద్దని పెట్టుకున్నాడంటారు, తీరా నలభై దాటీ దాటకుండానే 1819లో రామనాథపురంలో పోయాడు. మరి ఆయన కాయితాల కట్టలు ఏమయ్యాయంటే, ఒక దొరగారి వంటవాడు నెలల తరబడి పొయ్యి రాజెయ్యడానికీ కోళ్లు కాల్చడానికీ వాడుకున్నాడని తర్వాత వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు అధికారి రాసిపెట్టాడు. 1856లో ఇదే కుటుంబం మీద కాల్డ్వెల్ అనే మిషనరీ రాసిన పుస్తకం వచ్చింది, ద్రావిడ భాషలంటే ఆయన పేరే స్థిరపడిపోయింది. ఎల్లిస్ ఆలోచనలు ఇవాళ కొంతైనా తెలుస్తున్నాయంటే ఆయన స్నేహితులకి రాసిన ఉత్తరాలూ ఆఫీసు రికార్డులూ ఉన్నాయి కాబట్టి, అంటే ఆయన ఇంట్లో లేనివన్నమాట, అందుకే మిగిలాయి.

ఎవరైనా "మా ప్రొఫెసర్ గారి మీద ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగితే నేను ముందు ఈ కథే చెప్తాను. నేనూ ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి మా సారు కాయితాలూ టేపులూ రెండేళ్లు కూర్చుని సర్దాం, అందులో చేసిన తప్పులు చాలా ఉన్నాయి, ఇది ఆ తప్పుల్లోంచి వచ్చిన గైడే అనుకోండి.

మొదట ఒకటి తేల్చుకోవాలి. మీరు చేసేది సన్మాన పత్రం కాదు. పుట్టాడు, చదివాడు, ఫలానా పదవులు చేశాడు, ఫలానా అవార్డులొచ్చాయి, ఇది రెండు పేజీల పని, ఎవరైనా చేస్తారు. భాషాశాస్త్రవేత్త విషయంలో అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈయనకి ఈ సంగతి ఎలా తెలిసింది, ఎవరి నోట విని తెలుసుకున్నాడు? కవి అయితే ఒంటరిగా కూర్చుని రాసుకోవచ్చు, భాషాశాస్త్రవేత్తకి మాట చెప్పేవాడు ఇంకొకడు ఉండాలి, ఆ మాట చెప్పినవాడి పేరు చాలాసార్లు పుస్తకం మీదే కాదు లోపల కూడా ఉండదు. కాబట్టి మీ పనిలో ప్రతి మెట్టు దగ్గరా ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి, దేన్ని ముందు కాపాడాలో దేన్ని తర్వాత చూడొచ్చో అదే చెప్తుంది.

ముందు మనుషులు, తర్వాత పెట్టెలు

అందరూ పెట్టెలు విప్పడంతో మొదలుపెడతారు. మేమూ అంతే. కానీ చెదలు పట్టలేదని, తడి తగల్లేదని చూసుకున్నాక పెట్టె ఇంకో ఆరు నెలలు ఆగుతుంది, ఎనభై ఐదేళ్ల మనిషి జ్ఞాపకం ఆగదు. అందుకని ఒక ఎక్సెల్ షీటు తెరిచి, ఆయన్ని ఎరిగినవాళ్ల పేర్లన్నీ వేసి, వయసు ప్రకారం సార్ట్ చేసేయండి. ఎంత పెద్ద పేరున్నవాళ్లు అనేదాన్ని బట్టి కాదు, వయసుని బట్టే. ఆ షీటులో స్టూడెంట్లు, తోటి టీచర్లు, ఇంట్లోవాళ్లు ఎలాగూ ఉంటారు, జనం మర్చిపోయేది ఎవర్నంటే ఫీల్డులో భాష చెప్పినవాళ్లని, టైపిస్టుని, ప్రెస్సులో ప్రూఫులు చూసినాయన్ని, ఇంకా ముఖ్యంగా ఆయనతో పడనివాళ్లని. పడనివాళ్ల దగ్గరికి తప్పకుండా వెళ్లండి, ఆయన వాదనలో బలహీనమైన చోటు ఏదో వాళ్లకి తెలిసినంత స్పష్టంగా శిష్యులకి తెలియదు.

మా షీటులో టైపిస్టు గారు అసలు లేరు. సారు వాళ్ల అబ్బాయి మాటల్లో ఊరికే "థీసిస్ టైప్ చేసినాయన ఇంకా ఉన్నాడు" అంటే, సరే మర్యాదకి వెళ్దాం అని వెళ్లాం. రెండు గంటలు మాట్లాడాడు. అప్పట్లో టైపురైటరు మీద ఉచ్చారణ గుర్తులు ఉండేవి కావు కదా, ఖాళీలు వదిలి టైప్ చేస్తే సాయంత్రం సారు వచ్చి నల్ల ఇంకు పెన్నుతో అక్షరాల కింద చుక్కలు, మీద గీతలు ఒక్కొక్కటీ పెట్టుకునేవాడట, నాలుగు కాపీలకీ చేత్తోనే. ఆ మాటల మధ్యలో "మూడో చాప్టరు రెండుసార్లు కొట్టించాడండీ, మొదటిది మొత్తం పక్కన పడేశాడు" అన్నాడు. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. వెనక్కొచ్చి వెతికితే పాత చాప్టరు ఒక ఇన్సూరెన్సు ఫైల్లో దొరికింది, అందులో క్రియల విభజన పూర్తిగా వేరేగా ఉంది, అంటే సారు అభిప్రాయం మారింది ఎప్పుడో, ఎక్కడో మాకు మొదటిసారి కనపడింది అక్కడే.

ఇంటర్వ్యూకి ఉత్త చేతుల్తో వెళ్లకండి. ఒక ఫోటోనో, ఆయన చేతిరాత కాయితమో, పాత పుస్తకమో పట్టుకెళ్లి చేతిలో పెట్టండి. "సారు గురించి చెప్పండి" అంటే "మహానుభావుడండీ" అని ఆగిపోతారు, అదే ఫోటో చూపించి "ఈ వెనకాల నిలబడ్డది ఎవరు, ఇది ఏ ట్రిప్పు" అంటే కథ కదుల్తుంది. అడగాల్సినవి పనికి సంబంధించిన చిన్న చిన్న ప్రశ్నలు: ఒక మాట గురించి ఎలా అడిగేవాడు, నేరుగా అడిగేవాడా లేక వేరే కబుర్లలో దొర్లే దాకా ఆగేవాడా, తప్పు విన్నానని తెలిస్తే ఏం చేసేవాడు, నోట్సు అప్పటికప్పుడు రాసేవాడా రాత్రి కూర్చుని రాసేవాడా, పొద్దున్న ఎన్నింటికి మొదలుపెట్టేవాడు. ఒక ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకోవాలి, నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైంది, మొదటి మూడు రికార్డింగుల్లో సగం నా గొంతే ఉంది, ఇప్పుడు వింటే సిగ్గేస్తుంది.

రికార్డింగ్ ఫోన్లో అయినా పర్లేదు, కానీ రెండు మెషీన్లలో ఒకేసారి పెట్టండి, ఎంపీత్రీ కాకుండా వేవ్ ఫార్మాట్ ఎంచుకోండి, ఫ్యాన్ ఆపించండి. మొదలుపెట్టగానే తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో గట్టిగా చెప్పేయండి, ఫైలు పేరు పోయినా గొంతు చెప్తుంది. ఈ రికార్డింగుని ఎవరెవరు వినొచ్చు, ఎప్పట్నుంచి వినొచ్చు అనేది ఒక కాయితం మీద సంతకం చేయించుకోండి, లేదా రికార్డింగులోనే చెప్పించండి.

పెట్టె విప్పేటప్పుడు

ముట్టుకోకముందు ఫోటో తీయండి. పెట్టె మూసి ఉండగా ఒకటి, మూత తీశాక ఒకటి, ప్రతి పొర తీసినప్పుడల్లా ఒకటి. ఎందుకంటే కాయితాలు ఏ వరసలో ఉన్నాయన్నది కూడా సమాచారమే, ఆర్కైవ్ వాళ్లు, అంటే పాత కాయితాలు, రికార్డులు భద్రపరిచేవాళ్లు, దీన్ని చాలా గట్టిగా పట్టించుకుంటారు, పెట్టినాయన పెట్టిన క్రమాన్ని చెడగొట్టకూడదు అనేది వాళ్ల మొదటి రూలు.

మా విషయంలో ఏమైందో చెప్తా. సారు దగ్గర మాటల స్లిప్పులు, అంటే ఒక్కో మాటా రాసుకున్న చీటీలు, పదకొండు చెప్పుల డబ్బాల్లో ఉండేవి. మా ఫ్రెండు ఒకడు మంచి ఉద్దేశంతోనే, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రెండు డబ్బాలు అకారాది క్రమంలో పేర్చేశాడు, "చూశారా ఎంత నీట్‌గా ఉందో" అని ఫోటో కూడా పంపాడు. తర్వాత అర్థమైంది, అవి మనిషి వారీగా పెట్టినవి, అంటే ఒకరు చెప్పినవన్నీ ఒక కట్ట. ఇంకు రంగు, చేతిరాత వంపు చూసుకుంటూ మళ్లీ ఆ కట్టలు కట్టడానికి మాకు నాలుగు నెలలు పట్టింది, అప్పటికీ అరవై దాకా స్లిప్పులు ఎవరివో తేలలేదు.

ఆ స్లిప్పుల్లో ఒకటి నాకు బాగా గుర్తుంది. పైన "కర్రు" అని పెన్సిల్‌తో రాసి, పక్కన ఉచ్చారణ, కింద నాగలి బొమ్మ గీసి బాణం గుర్తు. దాని కింద వేరే ఇంకుతో, బహుశా చాలా రోజుల తర్వాత, "ఈ పలుకుబడి ఈ ఊరిది కాదు, ఈయన అత్తగారి ఊరిది, మళ్లీ అడగాలి" అని ఉంది. మళ్లీ అడిగాడో లేదో చివర్న చిన్న టిక్కు చెప్తుంది. అచ్చయిన పుస్తకంలో ఆ మాటకి ఒక్క లైనే ఉంటుంది. ఆ ఒక్క లైను వెనకాల జరిగిందంతా ఈ కాయితం ముక్క మీదే ఉంది.

స్లిప్పు వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. పాతవాళ్లు కాయితం పారేసేవాళ్లు కాదు, ఒకవైపు అచ్చున్న క్వశ్చన్ పేపర్లు, మీటింగు నోటీసులు కత్తిరించి స్లిప్పులు చేసుకునేవాళ్లు, ఆ వెనకవైపు అచ్చులో సంవత్సరం ఉంటే ముందువైపు మాట అంతకన్నా ముందు రాసింది కాదని గ్యారంటీగా తెలిసిపోతుంది. మాకు తేదీ లేని కట్టలు మూడింటికి కాలం తేలింది ఇలాగే.

మిగతావి గబగబా: రబ్బరు బ్యాండ్లు తీసేయండి, అవి ఎండి కాయితానికి అంటుకుపోతాయి. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పడతాయి కాబట్టి తీసేయండి, కానీ ఏది దేనికి గుచ్చి ఉందో రాసుకున్నాకే. నంబర్లు మెత్తటి పెన్సిల్‌తోనే వేయాలి, పెన్ను వద్దు, స్టిక్కర్లు అసలొద్దు, సెల్లోటేప్ పేరెత్తితే నాకు కోపం వస్తుంది. స్కానింగు మామూలు కాయితానికి 300 డీపీఐ చాలు, పెన్సిల్ రాతలకి 400 పెట్టండి, నలుపు తెలుపులో కాదు రంగులో చేయండి, లేకపోతే ఎర్ర ఇంకుకీ నల్ల ఇంకుకీ తేడా పోతుంది, మాకు ఆ తేడాయే ప్రాణం పోసింది. అసలు కాపీ టిఫ్, అందరికీ పంపుకోడానికి పీడీఎఫ్. ఫైలు పేర్లలో "కొత్త", "ఫైనల్", "ఫైనల్ 2" లాంటివి పెట్టకండి, డబ్బా నంబరు, కట్ట నంబరు, స్లిప్పు నంబరు, అంతే.

టేపులు, పాత కంప్యూటరు ఫైళ్లు

టేపు దొరగ్గానే ప్లేయర్లో వేసి వినాలని చేతులు దురద పెడతాయి, ఆగండి. పాత రీలు టేపుల్లో కొన్ని వెనిగర్ వాసన వస్తుంటాయి, కొన్ని జిగురుగా అయిపోయి హెడ్డుకి అంటుకుపోతాయి, అలాంటివి ఒక్కసారి ప్లే చేస్తేనే పాడైపోవచ్చు. తెలిసినవాళ్లకి ఇచ్చి డిజిటైజ్ చేయించండి, ఆర్కైవులు అడిగే క్వాలిటీ మామూలుగా 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు. టేపు డబ్బా మీద రాత, లోపల మడతపెట్టిన చీటీ అన్నీ ఫోటో తీసి అదే ఫోల్డర్లో పెట్టేయాలి.

ఇక కంప్యూటరు ఫైళ్లది ఇంకో బాధ, దీని గురించి ఎవరూ చెప్పరు. 1990ల్లో టైపు చేసిన తెలుగు ఫైలు ఇవాళ తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఏ మెషీన్లోనైనా అదే అక్షరం కనిపించే పద్ధతి) కాదు, "అను" లాంటి పాత ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంటు లేకపోతే మాట లేదు. ఉచ్చారణ గుర్తులకీ ఇదే గొడవ, ఎస్ఐఎల్ ఐపీఏ93 అనే ఫాంటులో రాసినవి వేరే ఫాంటులో తెరిస్తే మూర్ధన్యం (ట, డ లాంటిది) దంత్యం (త, ద లాంటిది) అయిపోవచ్చు, చూడ్డానికి బాగానే ఉన్నట్టుంటుంది కానీ డేటా మొత్తం తప్పు. కాబట్టి పాత ఫైలు అలాగే ఉంచి, ఆ ఫాంటు ఉన్న మెషీన్లో ఒక పీడీఎఫ్ తీసి, ఆ తర్వాతే యూనికోడ్‌లోకి మార్చి, మార్చినదాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ సరిచూసుకోవాలి. మూడూ దాచాలి.

రచనల జాబితా

ఇది విసుగు పని, కానీ తప్పదు. షష్టిపూర్తి సంచికల్లో, సన్మాన సంపుటాల్లో ఒక జాబితా ఉంటుంది, దాన్నే అందరూ కాపీ కొడుతూ పోతారు, అందులో తప్పులు కూడా అలాగే పోతాయి. ప్రతిదీ కళ్లారా చూసి టిక్కు పెట్టుకోండి. సంవత్సరం విషయంలో ముఖ్యంగా: రాసింది ఎప్పుడు, చదివింది ఎప్పుడు, అచ్చయింది ఎప్పుడు, ఇవి మూడు వేరు. స్విట్జర్లాండు భాషాశాస్త్రవేత్త సొస్యూర్ కుర్రతనంలో రాసిన మొదటి పుస్తకం మీద 1879 అని ఉంటుంది, నిజానికి బయటికొచ్చింది 1878 డిసెంబరులో. ఎవరు ముందు చెప్పారు అన్న తగువు వచ్చినప్పుడు ఇలాంటి తేడానే తేలుస్తుంది.

పేర్లు కూడా అంతే. మన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి పేరు ఇంగ్లీషులో ఒకచోట పూర్తిగా, ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరాలతో, ఒకచోట తిరగేసి ఉంటుంది, కంప్యూటరుకి వాళ్లు ముగ్గురు మనుషులు. ఎన్ని రూపాల్లో పేరు పడిందో ఒక చోట రాసి, అన్నీ వెతకండి. చిన్న పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, ముందుమాటలు, పుస్తక సమీక్షలు వదలొద్దు. ఇంకో గని ఏంటంటే వేరేవాళ్ల పుస్తకాల ఫుట్‌నోట్లలో "ఫలానా వారు స్వయంగా చెప్పారు" అని ఉంటుంది, అచ్చు కాని ఆలోచనలు అక్కడే దాక్కుంటాయి.

పాఠం చెప్పినవి పోతాయి, జాగ్రత్త

సొస్యూర్ పేరు నిలబడింది 1916లో వచ్చిన పుస్తకం మీద, అది ఆయన రాసింది కాదు. 1913లో ఆయన పోయాక బాలీ, సెషహయే అనే ఇద్దరు సహోద్యోగులు స్టూడెంట్ల క్లాసు నోట్సు పోగేసి తయారుచేశారు, ఆ ఇద్దరూ ఆ క్లాసుల్లో కూర్చోలేదు. సొస్యూర్ ఏమో పాఠానికి రాసుకున్న చిత్తు కాయితాలు ఎప్పటికప్పుడు చించేసేవాడట. 1958లో ఎమిల్ కాన్‌స్టాంటిన్ అనే స్టూడెంటు నోట్సు బయటికొచ్చింది, 1996లో జెనీవాలో వాళ్ల ఇంట్లోనే ఇంకో కట్ట దొరికింది, అప్పుడు జనం మళ్లీ మొదటికొచ్చారు. అంతకన్నా తమాషా, ఆ పుస్తకంలో చివరి వాక్యం, భాషని భాషగానే, భాష కోసమే చూడాలి అనే అర్థంలో ఉంటుంది, అందరూ ఎత్తి రాసేది అదే, అది స్టూడెంట్ల నోట్సుల్లో ఎక్కడా లేదు, ఎడిటర్లు చేర్చింది.

అందుకని స్టూడెంట్ల నోటుబుక్కులు అడిగి తీసుకోండి, ఒకే క్లాసుకి కనీసం ఇద్దరివి. ఇద్దరూ ఒకేలా రాసిన మాట సారుదై ఉండొచ్చు, ఒక్కరే రాసింది ఆ స్టూడెంటుది కావొచ్చు. కలిపి శుభ్రంగా ఒక వ్యాసం చేసేయాలనే కోరిక పుడుతుంది, చేస్తే చేయండి, కానీ ఏ ముక్క ఎవరి నోటుబుక్కులోదో మార్జిన్లో రాసి ఉంచండి.

ప్రభావాన్ని ఎలా పట్టుకోవాలి

ఎన్నిసార్లు ఎవరు ఉదహరించారు అనే లెక్క సులువుగా దొరుకుతుంది, కానీ దాంతో తెలిసేది తక్కువ. ఒక్కో ఆలోచనని పట్టుకుని అది ఎటు పోయిందో నడుచుకుంటూ వెళ్లాలి. సొస్యూర్ ఆ మొదటి పుస్తకంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ లాంటివాటికి మూలమైన పాత ఇండో-యూరోపియన్ భాషలో కొన్ని ధ్వనులు ఉండి ఉండాలని లెక్క కట్టి చెప్పాడు, ఏ భాషలోనూ అవి కనపడలేదు. 1927లో కురిలోవిచ్ అనే పోలిష్ భాషాశాస్త్రవేత్త హిట్టైట్ అనే ప్రాచీన భాషలో ఆ చోట్లలోనే ఒక ధ్వని ఉందని చూపించాడు. చెప్పినాయన పోయి పద్నాలుగేళ్లు.

ఆలోచన వంకరపోయిన దారి కూడా రాయాలి. 1911లో బోయస్ అనే మానవశాస్త్రవేత్త ఎస్కిమో భాషలో మంచుకి వేర్వేరు మూలాలున్న నాలుగు మాటలు ఉదాహరణగా ఇచ్చాడు, 1940లో వోర్ఫ్ అనే భాషాశాస్త్రవేత్త దాన్ని కొంచెం పెంచాడు, తర్వాత చేతులు మారీ మారీ యాభై, వంద అయిపోయింది. 1986లో లారా మార్టిన్ అనే ఆవిడ ఒక్కో మెట్టూ వెనక్కి నడిచి ఇదెలా పెరిగిందో చూపించింది. మీ పండితుడి పేరు మీద కూడా ఇలాంటివి చలామణీలో ఉంటాయి, ఆయన అనని మాటలు, కొంచెం అన్నవి పెద్దగా అయినవి. ప్రశంస అయినా సరే, మూలం దొరక్కపోతే రాయకండి.

ఒక పని వెలుగులో ఇంకో పని కనపడకుండా పోవడం కూడా చూసుకోవాలి. గిడుగు రామమూర్తి గారంటే మనందరికీ వ్యావహారిక భాషోద్యమం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. సవర అనే గిరిజన భాషకి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చిన మనిషి ఆయనే అని ఎంతమందికి గుర్తుంది? భద్రిరాజు గారి విషయంలోనూ 2003లో వచ్చిన ద్రావిడ భాషల పుస్తకం ప్రపంచమంతా చదువుతుంది, రైతుల దగ్గర మాటలు పోగేసి 1962లో తెచ్చిన వ్యవసాయ పదకోశం, 1971 చేనేత సంపుటి మనవాళ్లే అంతగా పట్టించుకోరు. మీ జాబితాలో ఎవరూ అడగని పని ఏదుందో దానికి కాస్త ఎక్కువ చోటివ్వండి.

తప్పులు దాచొద్దు. ఆయన మార్చుకున్న అభిప్రాయాలు, ఓడిపోయిన వాదనలు, వేరేవాళ్లకి ఇవ్వాల్సిన క్రెడిట్ ఇవ్వని సందర్భాలు ఉంటే అవి కూడా. ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు కొన్నిసార్లు, వాళ్లతో ముందే మాట్లాడి, ఇప్పుడు వద్దన్నవి ఫలానా సంవత్సరం దాకా మూసి ఉంచుతాం అని రాసుకుంటే సరిపోతుంది, చించేయడం కన్నా అది నయం.

హక్కులు, భద్రం

ఆయనకి వచ్చిన ఉత్తరం కాయితం వాళ్ల ఇంటివాళ్లది, అందులో రాసిన మాటల మీద హక్కు రాసినవాళ్లది. అచ్చు వేయాలంటే రాసినవాళ్లనో వాళ్ల వారసులనో అడగాలి. ఆయన రాసిన ఉత్తరాలు మాత్రం ఎదుటివాళ్ల ఇళ్లలో ఉంటాయి, ఎల్లిస్ కథ గుర్తుందిగా, అందుకే ఎవరెవరికి రాసేవాడో కనుక్కుని కాపీలు అడగండి.

దాచడానికి మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊర్లో. అసలు కాయితాలు ఒక యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చేముందు ఎవరు చూడొచ్చు, తడి రాని గది ఉందా, జాబితా ఎవరు చేస్తారు అని రాతపూర్వకంగా అడగండి. భాషా రికార్డింగులకైతే ఆస్ట్రేలియాలో 2003 నుంచి నడుస్తున్న పారడిసెక్, బర్కిలీలోని కాలిఫోర్నియా లాంగ్వేజ్ ఆర్కైవ్ లాంటివి ఉన్నాయి, వాళ్లు ఏ వివరాలు అడుగుతారో ముందే చూసుకుని మీ షీటు అలా తయారుచేసుకుంటే తర్వాత తిప్పలు తప్పుతాయి. వికీపీడియాలో పేజీ పెట్టాలంటే మీ జ్ఞాపకాలు చెల్లవు, అచ్చయిన ఆధారం కావాలి, కాబట్టి ముందు మీ ఇంటర్వ్యూలు ఎక్కడైనా పద్ధతిగా ప్రచురించండి.

ఆఖరి పని ఒకటుంది, మేము దాదాపు మర్చిపోయాం. మాట చెప్పినవాళ్ల ఇళ్లకి కాపీ పంపడం. సారు టేపుల్లో ఒక ముసలావిడ గొంతు ఆరు గంటలు ఉంది, పేరు పట్టుకుని వెతికితే మనవరాలు దొరికింది, పెన్‌డ్రైవ్‌లో పెట్టి తీసుకెళ్లి ఇచ్చాం. అక్కడే కూర్చుని విన్నది. పద్నాలుగో నిమిషంలో సారు ఒకే మాట మూడోసారి అడుగుతాడు, ఆవిడ "ఎన్నిసార్లు చెప్పాలయ్యా, నీకు చెవుడా" అని కసురుతుంది. ఆ అమ్మాయి అది వెనక్కి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, మూడుసార్లు వేసుకుంది, తర్వాత ఆ ముక్క ఒక్కటే కట్ చేసి ఫోన్లోకి పంపమని అడిగింది.